అందరికీ ఆ కప్పే కావాలి

1947 మార్చి. రెండో ప్రపంచ యుద్ధం కారణంగా ఏడేళ్లు ఆగిపోయిన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పోటీలు లండన్‌లోని హారింగే అరీనాలో మళ్లీ మొదలయ్యాయి. పురుషుల సింగిల్స్ క్వార్టర్‌ఫైనల్లో ఇద్దరు భారతీయులే ఎదురుపడ్డారు. ఒకరు ప్రకాశ్ నాథ్, ఇంకొకరు దేవీందర్ మోహన్. ఇద్దరూ గట్టిగా తలపడితే గెలిచినవాడికి సెమీఫైనల్లో ఆడే ఓపిక మిగలదు. అందుకని మాట్లాడుకుని బొమ్మా బొరుసూ వేసుకున్నారు. నాథ్‌కు అనుకూలంగా పడింది. దాచుకున్న ఆ సత్తువతో అతను ఫైనల్ దాకా వెళ్లాడు. ఫైనల్ రోజు పొద్దున్నే పత్రిక తెరిస్తే లాహోరు తగలబడుతోందన్న వార్త కనిపించింది. అతని ఇల్లు, ఇంటివాళ్లు అక్కడే ఉన్నారు. ఆ మనసుతోనే కోర్టులోకి దిగి, స్వీడన్ ఆటగాడు కోనీ యెప్సెన్ చేతిలో 7-15, 11-15తో ఓడిపోయాడు.

కొద్ది నెలలకే దేశం రెండు ముక్కలైంది. నాథ్ పోటీ ఆటకు దూరమైపోయాడు. ఆ విజేతల పట్టికలోకి భారతీయుడి పేరు ఎక్కడానికి మరో ముప్పై మూడేళ్లు పట్టింది. ఎక్కించినవాడు ప్రకాశ్ పదుకొణె. ఇంకో ఇరవై ఒక్క ఏళ్లకు మన పుల్లెల గోపీచంద్. 1899లో మొదలైన ఈ పోటీలో 2025 దాకా భారత్‌కు దక్కిన సింగిల్స్ టైటిళ్లు ఆ రెండే.

ఈలోగా ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ పతకాలు మూడు వచ్చాయి. ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం వచ్చింది. థామస్ కప్ వచ్చింది. ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు కూడా మన ఊళ్ల పిల్లల చేతికి అందింది. బర్మింగ్‌హామ్‌లో ఏటా మార్చిలో ఇచ్చే ఆ కప్పు మాత్రం 2001 తర్వాత 2025 దాకా మళ్లీ ఇటు రాలేదు. అంత కష్టమైనదా అది? అంత గొప్పదా?

రెండూ నిజమే.

కవాతు హాల్లో మొదలై

బ్యాడ్మింటన్ పుట్టుకలో పుణెకు పెద్ద వాటా ఉంది. అక్కడి దండులో ఉన్న బ్రిటిష్ సైనికాధికారులు ఈకల బంతి ఆటకు వల కట్టి, 1870ల్లో నియమాలు రాసుకుని, సెలవుల్లో స్వదేశానికి మోసుకెళ్లారు. గ్లాస్టర్‌షైర్‌లో బోఫర్ట్ డ్యూక్ గారి భవనం పేరు బ్యాడ్మింటన్ హౌస్. ఆటకు ఆ పేరే నిలిచింది.

1899 ఏప్రిల్ 4న లండన్ బకింగ్‌హామ్ గేట్ దగ్గర, లండన్ స్కాటిష్ రెజిమెంట్ వాళ్ల హాల్లో మొదటి ఆల్ ఇంగ్లండ్ పోటీలు జరిగాయి. ఒక్కరోజులో అయిపోయాయి. సింగిల్స్ అసలు లేనే లేదు. పురుషుల డబుల్స్, మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ మాత్రమే ఆడించారు. మరుసటి ఏడాది సింగిల్స్ కలిపారు. అక్కడి నుంచి క్రిస్టల్ ప్యాలెస్, బన్‌హిల్ రో, వెస్ట్‌మినిస్టర్‌లోని హార్టీకల్చరల్ హాల్, హారింగే, ఎర్ల్స్ కోర్ట్ మీదుగా 1957లో వెంబ్లీ చేరాయి. 1994 నుంచి బర్మింగ్‌హామ్‌లో కాలవ గట్టునున్న ఇండోర్ అరీనా ఈ పోటీలకు స్థిర నివాసం. ఆ అరీనా పేరు స్పాన్సర్లను బట్టి ఎన్నిసార్లు మారినా ఆటగాళ్లకు అది బర్మింగ్‌హామ్ హాలే. రెండు ప్రపంచ యుద్ధాల కాలం తప్ప ఈ పోటీలు ఆగింది లేదు.

ఆ పాత రోజుల్లో సర్ జార్జ్ థామస్ అనే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. 1903 నుంచి 1928 మధ్య ఇక్కడ 21 టైటిళ్లు గెలిచాడు. అంతటితో ఆగలేదు. చదరంగంలో రెండుసార్లు బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1934-35 హేస్టింగ్స్ టోర్నీలో కాపాబ్లాంకానూ బాట్విన్నిక్‌నూ ఓడించాడు. ఒకే మనిషి రెండు ఆటల్లో ఇంత ఎత్తుకు వెళ్లడం ఇప్పుడు ఊహకు కూడా అందదు. పురుషుల జట్లకు ప్రపంచకప్ లాంటి థామస్ కప్ ఆయన పేరు మీదిదే. 2022లో బ్యాంకాక్‌లో ఇండోనేసియాను 3-0తో ఓడించి మనవాళ్లు ఎత్తింది ఆ కప్పునే.

ప్రపంచ చాంపియన్‌షిప్ అనేది 1977 దాకా లేదు. అప్పటివరకూ ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడినే లోకం ప్రపంచ విజేతగా చూసింది. అందుకే ఇక్కడి రికార్డులకు అంత బరువు. జూడీ హాష్‌మన్ మహిళల సింగిల్స్ పదిసార్లు గెలిచింది. ఆమె తండ్రి ఫ్రాంక్ డెవ్లిన్ కూడా ఇక్కడ 18 టైటిళ్ల వీరుడే. 1950లో మలయాకు చెందిన వాంగ్ పెంగ్ సూన్ గెలవడంతో పురుషుల సింగిల్స్ కిరీటం మొదటిసారి ఆసియాకు వచ్చింది. ఆ తర్వాత ఇండోనేసియా నుంచి రూడీ హార్తోనో దిగాడు. పద్దెనిమిదేళ్ల వయసులో 1968లో గెలిచి, 1974 దాకా వరసగా ఏడుసార్లు ఇంకెవరికీ వదల్లేదు. 1975 ఫైనల్లో డెన్మార్క్ ఆటగాడు స్వెన్ ప్రి అడ్డుకున్నాడు. 1976లో హార్తోనో మళ్లీ వచ్చి ఎనిమిదోసారి కప్పు తీసుకెళ్లాడు. చైనా ఆటగాడు లిన్ డాన్ అంతటివాడు కూడా ఆరు దగ్గరే ఆగిపోయాడు.

అయిదు మెట్లు, ఒక్కటీ తేలిక కాదు

లెక్కల ప్రకారం చూస్తే ఆల్ ఇంగ్లండ్ ఇప్పుడు ఒంటరి శిఖరమేమీ కాదు. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2018లో వరల్డ్ టూర్ మొదలుపెట్టి టోర్నీలను అంచెలుగా విడగొట్టింది. పై అంచె సూపర్ 1000. అందులో ఆల్ ఇంగ్లండ్‌తోపాటు ఇండోనేసియా, చైనా, మలేసియా ఓపెన్‌లు ఉన్నాయి. నాలుగింట్లోనూ విజేతకు 12,000 ర్యాంకింగ్ పాయింట్లే. 2025లో ఆల్ ఇంగ్లండ్ మొత్తం బహుమతి 14.5 లక్షల డాలర్లు. సింగిల్స్ విజేతకు 1,01,500 డాలర్లు, పురుషులకైనా మహిళలకైనా అంతే. అదే ఏడాది అదే దేశంలో వింబుల్డన్ సింగిల్స్ గెలిచినవారికి 30 లక్షల పౌండ్లు ముట్టాయి. డాలర్లలోకి మార్చి చూస్తే దాదాపు నలభై రెట్లు. ప్రపంచంలో ఇన్ని కోట్ల మంది ఆడే ఆటకు, చరిత్రలో వింబుల్డన్ పక్కన నిలబెట్టదగిన పోటీకి దక్కేది ఇంతేనా అని బాధ కలగక మానదు. అయినా ఆటగాళ్లు సంపాదన చూసి రారు. ముప్పై ఏళ్లుగా జపాన్, డెన్మార్క్, చైనా, ఇండోనేసియా కుర్రాళ్లు చిన్నప్పుడు గోడకు అంటించుకున్న ఫొటోలు ఈ హాల్లో తీసినవే.

ఇక డ్రా సంగతి. సింగిల్స్‌లో 32 మంది. అంటే కప్పు కావాలంటే అయిదు మ్యాచ్‌లు, ఆరు రోజుల లోపే. అయిదేగా అనుకుంటే పొరపాటు. ఆ 32 మందిలో బలహీనుడంటూ ఎవరూ ఉండరు. సీడింగ్ లేనివాడు మొదటి రౌండ్‌లోనే ప్రపంచ రెండో ర్యాంకర్‌కు ఎదురుపడవచ్చు. సీడెడ్ ఆటగాడు కూడా పదిహేడో ర్యాంకు వాడితోనో ఇరవయ్యో ర్యాంకు వాడితోనో మొదలుపెట్టాలి. ఒలింపిక్స్‌లో ఒక్కో దేశం నుంచి సింగిల్స్‌కు ఇద్దరికి మించి రానివ్వరు. ఇక్కడ ఆ పరిమితి లేదు. ర్యాంకు ఉంటే చైనా నుంచి నలుగురైనా దిగుతారు. అందుకే ఒలింపిక్ పతకం కంటే ఇక్కడ సెమీస్ చేరడమే కష్టమని ఆట తెలిసినవాళ్లు వాదిస్తుంటారు. ఆ వాదనలో పస ఉంది.

మనిషితోనే కాదు, గాలితో కూడా ఆడాలి. షటిల్‌లో పదహారు ఈకలు. మొత్తం బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి. వేలమంది కూర్చునే హాల్లో వేడికోసం, చల్లదనంకోసం పెట్టిన యంత్రాల గాలి ఏ మూల నుంచో సన్నగా వస్తూనే ఉంటుంది. ఆ కాస్త గాలికే అయిదు గ్రాముల షటిల్ దారి తప్పుతుంది. ఒకవైపు నుంచి కొడితే గీత దాటి పడుతుంది. రెండోవైపు నుంచి ఎంత బలంగా కొట్టినా వెనక గీత చేరదు. టీవీలో చూసేవాళ్లకు ఇది కనపడదు. ఇంత గొప్ప ఆటగాడు అంత తేలిక షాట్ బయటికి కొట్టాడేమిటని విసుక్కుంటాం. గాలి ఉన్న వైపు నుంచి నెమ్మదిగా, తగ్గించి ఆడి పాయింట్లు రాబట్టడం ఒక విద్య. మ్యాచ్‌కు ముందు షటిల్ వేగాన్ని కూడా పరీక్షిస్తారు. వెనక గీత దగ్గర నుంచి కింది చేత్తో నిండుగా కొడితే అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. చలిగాలిలో షటిల్ మందగిస్తుంది, వెచ్చని గాలిలో దూసుకుపోతుంది. బర్మింగ్‌హామ్ మార్చి చలికీ మన హైదరాబాద్ గచ్చిబౌలి ఉక్కకూ ఎంత తేడా ఉంటుందో చెప్పక్కర్లేదు.

కల్యాణ మండపం నుంచి వెంబ్లీకి

ప్రకాశ్ పదుకొణె ఆట నేర్చుకున్నది బెంగళూరు మల్లేశ్వరంలోని కెనరా యూనియన్ హాల్లో. అది పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలు. ముహూర్తాలు ఉన్న రోజుల్లో సాధన ఉండదు. గోడలు దగ్గర, కప్పు తక్కువ. అలాంటి చోట బలంగా కొట్టే ఆటకంటే మణికట్టుతో మాయచేసే ఆట అబ్బుతుంది. పదుకొణెకు అబ్బింది అదే.

1980 మార్చిలో అతను మూడు వారాల్లో మూడు టోర్నీలు గెలిచాడు. డేనిష్ ఓపెన్, స్వీడిష్ ఓపెన్, ఆ వెంటనే ఆల్ ఇంగ్లండ్. వెంబ్లీ ఫైనల్లో ప్రత్యర్థి లియెమ్ స్వీ కింగ్. అంతకుముందు రెండేళ్లూ కప్పు అతనిదే. ఎగిరి కొట్టే స్మాష్‌కు అతను పెట్టింది పేరు. పదుకొణె అతనికి ఎగిరే అవకాశమే ఇవ్వలేదు. నెట్ దగ్గర తేలిగ్గా వదులుతూ, వెనక్కి తరుముతూ, లయ అందకుండా చేశాడు. 15-3, 15-10. మరుసటి ఏడాది ఫైనల్లో వాళ్లిద్దరే మళ్లీ తలపడ్డారు. ఈసారి లియెమ్ గెలిచాడు.

ఆ ఆదివారం

పుల్లెల గోపీచంద్ అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973 నవంబర్ 16న పుట్టాడు. పెరిగింది హైదరాబాద్‌లో. తెలుగు ఊళ్లలో ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ పాఠశాల మైదానాల్లో ఎప్పటి నుంచో ఉంది. షటిల్ మాత్రం ఆఫీసర్స్ క్లబ్బుల్లో, పెద్ద ఊళ్లలోని ఇండోర్ హాళ్లలో ఆడేవారు. హైదరాబాద్‌లో దానికి చిరునామా లాల్ బహదూర్ స్టేడియం. అక్కడ ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర గోపీచంద్ తయారయ్యాడు. తర్వాత బెంగళూరులో పదుకొణె అకాడమీకి వెళ్లాడు.

1994లో ఒక డబుల్స్ మ్యాచ్‌లో భాగస్వామిని ఢీకొని కిందపడితే మోకాలి లిగమెంట్ తెగింది. ఆ రోజుల్లో మనదేశంలో ఆ గాయమైతే ఆట ముగిసినట్టే. శస్త్రచికిత్సలు, నెలల తరబడి మంచం, తర్వాత అడుగు అడుగూ మళ్లీ నేర్చుకోవడం. లేచి వచ్చి 1996 నుంచి 2000 దాకా అయిదేళ్లు వరసగా జాతీయ చాంపియన్ అయ్యాడు. షటిల్ ఆటలో మోకాళ్ల మీద పడే బరువు తెలిసినవాళ్లకే దాని విలువ అర్థమవుతుంది. నెట్ దగ్గరికి వంగి ముందుకు వేసే ఆ పెద్ద అంగ ఒక్క మ్యాచ్‌లో వందలసార్లు పడుతుంది.

2001 మార్చిలో బర్మింగ్‌హామ్ వెళ్లేనాటికి అతనికి 27 ఏళ్లు. ఎవరి అంచనాల్లోనూ లేడు. ముందు రౌండ్లలో సిడ్నీ ఒలింపిక్స్ స్వర్ణ విజేత, చైనాకు చెందిన జి షిన్‌పెంగ్‌ను ఓడించాడు. క్వార్టర్స్‌లో డెన్మార్క్‌కు చెందిన ఆండర్స్ బోసెన్ మీద గెలిచాడు. సెమీస్‌లో అప్పటి ప్రపంచ నంబర్ వన్, 1999 ఆల్ ఇంగ్లండ్ విజేత పీటర్ గేడ్ ఎదురయ్యాడు.

ఆ టోర్నీ విలువ తెలియాలంటే ఆ సెమీఫైనలే చూడాలి. అప్పటి లెక్కింపు ఇప్పటిలా కాదు. సర్వీసు చేసేవాడికే పాయింటు. ర్యాలీ గెలిచినా సర్వీసు నీది కాకపోతే చేతికొచ్చేది సర్వీసే. పదిహేను పాయింట్ల గేమ్ అంతులేకుండా సాగేది. 14-14 దగ్గర ఆగితే పదిహేడు దాకా పొడిగించుకునే వీలుండేది. గోపీచంద్ 17-14, 17-15తో గెలిచాడు. రెండు గేములూ చివరి అంచుదాకా వెళ్లాయి. గేడ్ అందమైన ఆటగాడు, కోర్టంతా గాలిలా తిరిగేవాడు. అలాంటివాడి ముందు మరమ్మతు చేసిన మోకాలితో నిలబడి, రెండు గేముల్లోనూ ఆఖరి పాయింట్ల దగ్గర తడబడకపోవడం ఫైనల్ విజయం కంటే పెద్దదని చెప్పడానికి సందేహించక్కర్లేదు.

మార్చి 11 ఆదివారం. ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్ మీద 15-12, 15-6. చెన్ హాంగ్ ఆషామాషీ మనిషి కాదు. తర్వాత 2002లో, 2005లో అదే కప్పు గెలుచుకున్నాడు. ఆరోజు మాత్రం తెలుగువాడిది.

తిరిగొచ్చాక ఒక శీతల పానీయం కంపెనీ ప్రకటన కోసం అడిగితే గోపీచంద్ ఒప్పుకోలేదు. తను తాగనిది పిల్లల్ని తాగమని చెప్పలేనన్నది అతని మాట. అప్పటికి చేతిలో డబ్బేమీ దండిగా లేదు. ఆ నిర్ణయం గురించి అప్పట్లో మెచ్చుకోళ్లు చాలా వచ్చాయి. అంతకంటే పెద్ద నిర్ణయం రెండేళ్ల తర్వాత తీసుకున్నాడు.

గచ్చిబౌలి

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు లీజుకిచ్చింది. అప్పటికి అక్కడ బండరాళ్లూ పొదలే ఎక్కువ. అకాడమీ కట్టడానికి డబ్బు కావాలి. గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టాడు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ అయిదు కోట్ల రూపాయలు ఇచ్చారు. 2008లో అకాడమీ తెరుచుకుంది. ఆరంభం నుంచీ తెల్లవారుజామున నాలుగున్నరకల్లా సాధన మొదలు.

ఒక టైటిల్ గెలిచిన క్రీడాకారుడు దానిమీద బతికేయవచ్చు. మనదేశంలో చాలామంది అలాగే బతికారు, అందులో తప్పేమీ లేదు. గోపీచంద్ ఆ టైటిల్‌ను పెట్టుబడిగా పెట్టాడు. సైనా నెహ్వాల్, పారుపల్లి కశ్యప్, పి.వి. సింధు, కిదాంబి శ్రీకాంత్, సాయి ప్రణీత్ ఆ కోర్టుల్లోంచే వచ్చారు. సింధు విషయం మరీ ప్రత్యేకం. ఆమె తండ్రి పి.వి. రమణ వాలీబాల్‌లో అర్జున అవార్డు గ్రహీత, తల్లి కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఇంట్లో వాలీబాల్ పెట్టుకుని ఆ పిల్ల రాకెట్ పట్టుకోవడానికి కారణం గోపీచంద్ 2001 విజయమే. మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ రానుపోను యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి ఆమె ఆట నేర్చుకుంది. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో సైనాకు కాంస్యం, 2016లో రియోలో సింధుకు రజతం. 2019లో బాసెల్‌లో సింధు ప్రపంచ చాంపియన్. టోక్యోలో మరో కాంస్యం. 2001 నాటి ఒక్క ఆదివారం తెచ్చిపెట్టిన పంట ఇది.

2009 ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా గచ్చిబౌలికే వచ్చింది. భద్రత కారణం చూపి ఇంగ్లండ్ జట్టు పోటీలు మొదలవకముందే తిరిగి వెళ్లిపోయింది. మిగతా దేశాలు చాలావరకు ఆడాయి. పురుషుల సింగిల్స్ లిన్ డాన్ గెలిచాడు.

దగ్గరదాకా వచ్చి

2015 మార్చి 8. సైనా నెహ్వాల్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో. అంతవరకూ అక్కడిదాకా వెళ్లిన భారతీయ మహిళ లేదు. స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ మీద మొదటి గేమ్ 21-16తో గెలిచింది. ఆ తర్వాత మారిన్ వేగం పెంచింది. 14-21, 7-21. మూడో గేమ్‌లో సైనా కాళ్లు కదల్లేదు. ఆ ఓటమి తర్వాత కొద్ది రోజులకే సైనా ప్రపంచ నంబర్ వన్ అయింది. ఏ భారతీయ మహిళకూ అంతకుముందు ఆ ర్యాంకు రాలేదు.

సింధు కథ ఇంకా నొప్పి పుట్టిస్తుంది. 2018 సెమీఫైనల్లో జపాన్‌కు చెందిన అకానె యమగుచి మీద మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ 19-21, 18-21తో పోగొట్టుకుంది. 2021 క్వార్టర్స్‌లో అదే యమగుచిని మూడు గేముల పోరులో ఓడించి, సెమీస్‌లో థాయిలాండ్‌కు చెందిన పోర్న్‌పావీ చోచువాంగ్ చేతిలో 17-21, 9-21తో కుప్పకూలింది. ముందురోజు పోరాటం ఒంట్లో సత్తువంతా లాగేసింది. 2023లో మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి. 2024లో రెండో రౌండ్‌లో కొరియాకు చెందిన ఆన్ సె-యంగ్ చేతిలో ఓటమి. 2025లో మళ్లీ మొదటి రౌండ్‌లోనే. అదే బర్మింగ్‌హామ్ నగరంలో 2022 కామన్వెల్త్ క్రీడల్లో ఆమె స్వర్ణం గెలిచింది. ఆ ఆటలు మాత్రం వేరే హాల్లో జరిగాయి. రెండు ఒలింపిక్ పతకాలు, ఒక ప్రపంచ కిరీటం ఉన్న క్రీడాకారిణికి ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ ఒక్కటి కూడా దక్కకపోవడం ఆమె స్థాయిని తగ్గించదు. ఆ పోటీ ఎంత కర్కశమో చెబుతుంది.

రావులపాలెం నుంచి వచ్చిన శ్రీకాంత్ 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచి, మరుసటి ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆల్ ఇంగ్లండ్‌లో క్వార్టర్స్ గడప దాటలేదు. అమలాపురం సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి సంగతీ అంతే. చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్‌లో ప్రపంచాన్ని ఏలాడు. గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి 2023లో గిన్నిస్ రికార్డు అందుకున్నాడు. ఈ హాల్లో మాత్రం 2022లో చేరిన క్వార్టర్‌ఫైనలే 2025 దాకా ఆ జోడీకి మెరుగైన ఫలితం.

2022లో రెండు వింతలు జరిగాయి. ఒకటి లక్ష్యసేన్ ఫైనల్ చేరడం. పుట్టింది అల్మోరా కొండల్లో, ఆట నేర్చింది బెంగళూరులో పదుకొణె అకాడమీలో. సెమీస్‌లో ముందటేడు విజేత, మలేసియాకు చెందిన లీ జీ జియాను 21-13, 12-21, 21-19తో ఓడించాడు. ఫైనల్లో డెన్మార్క్ ఆటగాడు విక్టర్ ఆక్సెల్సెన్ చేతిలో 10-21, 15-21తో ఓడిపోయాడు. 1980 విజేత శిష్యుడు 2022 ఫైనల్లో ఆడాడన్నమాట.

రెండోది గోపీచంద్ కూతురు గాయత్రిది. కేరళ అమ్మాయి ట్రీసా జాలీతో కలిసి డబుల్స్ ఆడుతుంది. ఆ ఏడాది వాళ్లకు నేరుగా చోటు దక్కలేదు. రిజర్వుల జాబితాలో ఉన్నారు. వేరే జోడీ తప్పుకోవడంతో పిలుపొచ్చింది. క్వార్టర్స్‌లో రెండో సీడ్ కొరియా జోడీ మీద మొదటి గేమ్ పోగొట్టుకుని కూడా 14-21, 22-20, 21-15తో నెగ్గి సెమీస్ చేరారు. మరుసటి ఏడాది, 2023లో మళ్లీ సెమీస్. అది గాలివాటం గెలుపు కాదని నిరూపించారు. తండ్రి కప్పు ఎత్తిన హాల్లోనే కూతురు రెండుసార్లు సెమీస్ ఆడింది. మన పత్రికల్లో, టీవీల్లో దానికి రావాల్సినంత చోటు రాలేదు. డబుల్స్ అంటే మనకు ఇప్పటికీ రెండో తరగతి ఆటే. గుత్తా జ్వాల ఈ మాట గొంతెత్తి ఎన్నిసార్లు చెప్పిందో. 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అశ్విని పొన్నప్పతో కలిసి కాంస్యం గెలిచిన మనిషి ఆమె. మొట్టమొదటి ఆల్ ఇంగ్లండ్‌లో ఆడించినవన్నీ డబుల్సేనన్న సంగతి మనకు గుర్తుండాలి.

మారిన పటం

ఇప్పుడు ఏ ఒక్క దేశమూ ఈ కప్పు తనదని చెప్పుకోలేదు. 2019లో కెంతో మొమొత గెలిచి జపాన్‌కు మొదటి పురుషుల సింగిల్స్ టైటిల్ తెచ్చాడు. 2023లో ఆన్ సె-యంగ్ గెలిచాక మహిళల సింగిల్స్‌లో కొరియా 27 ఏళ్ల నిరీక్షణ తీరింది. 2024లో జొనాతన్ క్రిస్టీ, ఆంథొనీ గింటింగ్ ఫైనల్ ఆడారు. ఇద్దరూ ఇండోనేసియన్లే. క్రిస్టీ గెలుపుతో హార్తోనో దేశానికి ఆ కిరీటం ముప్పై ఏళ్ల తర్వాత తిరిగొచ్చింది. అంటే ఎనిమిదిసార్లు గెలిచిన వీరుణ్ని కన్న దేశం కూడా ముప్పై ఏళ్లు ఎదురుచూసింది. 2025లో చైనాకు చెందిన షి యూచీ గెలిచాడు. మహిళల్లో మళ్లీ ఆన్ సె-యంగే, ఫైనల్లో మొదటి గేమ్ వాంగ్ జియీకి కోల్పోయి, తర్వాతి రెండూ 21-18, 21-18తో లాక్కుంది.

ఈ పోటీ ఆటగాళ్లను కన్నీళ్లు పెట్టించిన సందర్భాలూ ఉన్నాయి. 2021లో ఇండోనేసియా జట్టు వచ్చిన విమానంలో ఎవరో ప్రయాణికుడికి కోవిడ్ ఉందని తేలడంతో జట్టు మొత్తాన్ని టోర్నీ మధ్యలోనుంచి పంపేశారు. అప్పటికే కొందరు మొదటి రౌండ్ గెలిచి ఉన్నారు. ఏడాదంతా ఎదురుచూసిన పోటీ కోర్టు బయటే అయిపోయింది.

భారత్ ఇక్కడ మళ్లీ గెలుస్తుందా అన్న ప్రశ్నకు నిక్కచ్చి జవాబు ఒకటుంది. గెలవడానికి కావలసిన ఆట మనవాళ్ల దగ్గర ఉంది. లేనిది లోతు. చైనా, జపాన్, కొరియాల నుంచి ఒక ఆటగాడు మొదటి రౌండ్‌లో పోతే అదే డ్రాలో మరో ముగ్గురు మిగిలి ఉంటారు. మనకు సింధు ఓడితే, లక్ష్యసేన్ ఓడితే, సాత్విక్‌కో చిరాగ్‌కో గాయమైతే ఆ ఏడాదికి ఆశ అక్కడితో ఆగిపోతుంది. లోతు రావాలంటే ఒక్క గచ్చిబౌలి, ఒక్క బెంగళూరు చాలవు. అమలాపురం, రావులపాలెం, గుంటూరు, విజయవాడ వంటి చోట్ల నుంచి పిల్లలు ఎలాగూ వస్తూనే ఉన్నారు. పదేళ్ల వయసులో ఇల్లూ ఊరూ వదిలి హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుంటే తప్ప వాళ్లకు ఆట దొరకడం లేదు. రెండు రాష్ట్రాల్లో జిల్లాకొక ఎత్తైన కప్పున్న హాలు, చెక్క నేల, అన్నిటికంటే ముందు జీతం సరిగా అందే శిక్షకుడు కావాలి. ఈకల షటిళ్లు ఖరీదైనవి, ఒక గంట సాధనకే నాలుగైదు ముక్కలైపోతాయి. ఆ ఖర్చు మధ్యతరగతి తల్లిదండ్రుల నెత్తిన పడుతున్నంతకాలం ప్రతిభ సగంలోనే ఆగిపోతుంది. గెలిచొచ్చిన రోజు కోట్లు ప్రకటించే ప్రభుత్వాలు ఆ డబ్బులో కొంత ఈ షటిళ్లకు పెడితే చాలు.

పాఠకులకు ఒక మాట. ఏటా మార్చిలో ఈ పోటీలు మంగళవారం మొదలై ఆదివారం ముగుస్తాయి. బర్మింగ్‌హామ్‌కూ మనకూ అప్పుడు అయిదున్నర గంటల తేడా. అక్కడ పొద్దుటి ఆట ఇక్కడ మధ్యాహ్నం తర్వాత మొదలవుతుంది. మనవాళ్లు ఫైనల్ చేరితేనే చూద్దామని ఆదివారం దాకా ఆగకండి. మొదటి రెండు రోజులే చూడండి. నాలుగు కోర్టుల్లో ఒకేసారి ఆడిస్తారు, ఏ మూల కోర్టులోనో పేరు తెలియని మన జోడీ ఒకటి సీడెడ్ జోడీతో మూడో గేమ్ ఆడుతూ ఉంటుంది. ట్రీసా, గాయత్రి 2022లో మొదలుపెట్టింది అలాంటి కోర్టులోనే.